పరుపులో నల్లి: జాడ తీయు విధము

పంచతంత్రములోని మిత్రభేదమున ఒక పేను కథ కలదు. రాజుగారి పరుపు మడతలో ఆ పేను చిరకాలముగా కాపురముండెను. రాజు గాఢనిద్రలో ఉన్నప్పుడు మాత్రమే, ఆయనకు తెలియకుండ, ఆకలికి చాలినంత రక్తము త్రాగి ఊరకుండెడిది. ఒకనాడు దానియింటికి ఒక నల్లి అతిథిగా వచ్చినది. తొందరపడవద్దని పేను ఎంత చెప్పినను వినక, రాజు ఇంకను మెలకువగా ఉండగనే కుట్టి, మంచపు సందులోనికి దూరిపోయినది. సేవకులు దీపములు తెచ్చి పరుపంతయు వెదకిరి. దొరికినది పేను, చచ్చినది పేను. ఈ కథను నీతి కొరకు చెప్పుట వాడుక. మేము దానిని వేరొక కారణమున జ్ఞాపకము చేయుచున్నాము. ఆ సేవకులు పరుపును చూచిరి గాని మంచమును చూడలేదు.

కళాశాల వార్షిక సంచికలో నల్లిని గురించిన వ్యాసమా అని కొందరు పాఠకులు ముక్కుమీద వేలు వేసికొనవచ్చును. సాహిత్యమునకు ఇది క్రొత్త వస్తువు కాదు. నల్లి బాధను దేవతలకు సైతము అంటగట్టి నవ్వించిన చాటువు మన పెద్దలలో చాలమందికి నోటికి వచ్చును. సంస్కృతమున దీనిని మత్కుణమనిరి. ఉర్దూ మాట్లాడు ఇండ్లలో ఖట్మల్ అందురు. ఆ మాటలోనే మంచము దాగియున్నది. చిత్తూరు దాటి తమిళ సరిహద్దు పల్లెలకు పోయినచో మూట్టైపూచ్చి అందురు. 1758లో లిన్నేయస్ దీని దగ్గరి చుట్టమునకు శాస్త్రీయనామము పెట్టినప్పుడు కూడ లాటినులో మంచమునకు సంబంధించిన మాటనే ఏరుకొనెను. ఇన్ని భాషలవారు ఎరిగిన ఈ ప్రాణిని వసతిగృహములలో మాత్రము ఎవరును ఎరుగనట్లు నటించుట మేము చూచుచున్నాము. ఆ నటన వలన కలిగిన ఒక కష్టమును ముందుగా చెప్పి తరువాత శాస్త్రవిషయమునకు వచ్చెదము.

మేము విద్యార్థులుగా ఉన్న కాలమున ఒక వసతిగృహపు పెద్దగదిలో పండ్రెండు మంచములు ఉండెడివి. ఆగస్టు నెలలో పలమనేరు వైపు పల్లెనుండి ఒక పిల్లవాడు క్రొత్తగా చేరెను. వానికి పరుపు లేదు. తల్లి పాతచీరలు పొరలుపొరలుగా వేసి కుట్టిన బొంత ఒకటి తెచ్చుకొనెను. వాడు వచ్చిన పది దినములకు గదిలో నలుగురైదుగురికి మెడమీద, ముంజేతులమీద దద్దురులు లేచినవి. దుప్పటిపై ఎవరో నల్లిని చూచిరి. అందరి కన్నులు ఆ బొంతమీద పడినవి. "అన్నా, నా బొంతలో ఏమీ లేవన్నా, మాయమ్మ ఎండకేసి మడిచి పంపించిందన్నా" అని వాడు మొత్తుకొనెను. ఎవరును వినలేదు, మేమును వినలేదు. ఆ సాయంకాలమే బొంతను పెరటిలో వేసి కాల్చిరి. వాడు ఒక వారము చాపమీద పండుకొనెను. నల్లులు మాత్రము పోలేదు.

ఆ కథ చివర ఏమైనదో తరువాత చెప్పెదము. ముందు ఆ ప్రాణి స్వభావము తెలియవలెను.

మానవుల పడకలను ఆశ్రయించు నల్లులు ముఖ్యముగా రెండు జాతులు. ఒకటి సైమెక్స్ లెక్టులారియస్. ఇది శీతల దేశములందు, సమశీతోష్ణ ప్రాంతములందు విస్తారము. రెండవది సైమెక్స్ హెమిప్టెరస్. ఇది ఉష్ణదేశములది, మన దక్షిణ భారతమున ముఖ్యముగా కనబడునది ఇదియే. మామూలు కంటికి రెంటికిని భేదము తెలియదు. పెరిగిన నల్లి పొడవు సుమారు 5 మొదలు 7 మిల్లీమీటర్లు. రెక్కలు లేవు. ఆకలితో ఉన్నప్పుడు కాగితమువలె చదునుగా ఉండి, తపాలా కార్డు దూరునంతటి సందులో సులభముగా దూరును. రక్తము త్రాగిన పిదప ఉబ్బి, పొడవై, ముదురు ఎరుపు రంగు పొందును. త్రాగుటకు పెద్దదానికి పట్టు కాలము 5 మొదలు 10 నిమిషములు. ఆ కొద్దిసేపు తప్ప తక్కిన కాలమంతయు అది మన శరీరముమీద ఉండదు. ఈ ఒక్క సంగతి మనస్సున నాటుకొన్నచో వెదకుటలో సగము పని అయినట్లే. పేను మనిషిమీద నివసించును. నల్లి మనిషి ప్రక్కన నివసించును.

గ్రుడ్డు ఒక మిల్లీమీటరు పొడవున, ముత్యపు తెలుపుతో, ఒక చివర చిన్న మూతతో ఉండును. తల్లి దానిని చెక్క సందులలో, కుట్లలో జిగురుతో అంటించును గనుక దులిపినంత మాత్రమున రాలదు. మన దేశపు వేడికి 6 మొదలు 10 దినములలో గ్రుడ్డు పగులును. బయటికి వచ్చిన పిల్ల నువ్వుగింజకంటె చిన్నది, దాదాపు రంగులేనిది. అది పెద్దదగుటకు ముందు అయిదుసార్లు కుబుసము విడుచును. ప్రతిసారియు ముందుగా ఒక్కసారియైనను కడుపునిండ రక్తము త్రాగవలెను. ఆహారము దొరకుచున్నచో గ్రుడ్డు మొదలు ప్రౌఢదశ వరకు ఇంచుమించు ఒక నెల పట్టును. ఒక ఆడునల్లి తన జీవితకాలమున వందలకొలది గ్రుడ్లు పెట్టగలదు. కనుక గర్భము ధరించిన ఒక్క ఆడునల్లి సంచి అడుగున చేరి వచ్చినను చాలును. ఆహారము లేకున్నను అది వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు ఓర్చుకొనును. వేసవి సెలవులలో గదులు మూతపడినవి గదా, నల్లులు చచ్చియుండునని జూన్ నెలలో అనుకొనువారు ఈ సంగతి గమనింతురుగాక.

ఇక దద్దురుల సంగతి. వసతిగృహములందు విచారణ ఎల్లప్పుడును ఇచ్చటనే మొదలగును, ఇచ్చటనే దారి తప్పును. నల్లి కాటునకు అందరి చర్మమును ఒకే తీరున స్పందింపదు. కొందరికి వరుసగా మూడు నాలుగు దద్దురులు లేచి దినములకొలది దురద పెట్టును. కొందరికి ఏమియు కాదు. అంతకుముందు ఎన్నడును కాటు ఎరుగనివారికి మొదటిసారి దద్దురు కనబడుటకు వారము దాటినను దాటవచ్చును. కాబట్టి ఎవని ఒంటిపై దద్దురులు లేవో వాని మంచమున నల్లులు లేవనుట తప్పు. దద్దురులు మొదట ఎవనికి వచ్చెనో వానివద్దనే నల్లులు పుట్టెననుట అంతకంటె పెద్ద తప్పు. అంతేగాక దోమకాటు, గజ్జి, చెమటకాయ మున్నగునవి చూపునకు దీనినే పోలియుండును. వైద్యుడు సైతము దద్దురును మాత్రమే చూచి ఇది నల్లి కాటు అని రూఢిగా చెప్పలేడు. నల్లిని గాని, దాని జాడలను గాని కన్నులతో చూడవలసినదే.

ఆ జాడలు నాలుగు విధములు. మొదటిది మలపు చుక్కలు. త్రాగిన రక్తమును జీర్ణము చేసికొని నల్లి విడుచు ద్రవము బట్టపై సిరాచుక్కవలె నల్లగా ఇంకును. తడిబట్టతో రుద్దినచో ఎర్రని గోధుమవన్నెగా పూసికొనును. బొద్దింక రెట్ట అట్లు ఇంకదు, పైననే గరుకుగా నిలుచును. చేతితో తాకి చూచినచో తెలియును. రెండవది కుబుసములు. తేనెరంగున, గాలికి ఎగురునంత తేలికగా, అచ్చముగా నల్లి ఆకారముననే ఉండును. ఒక్కొక్క నల్లి అయిదు కుబుసములు విడుచును గనుక ప్రాణితో ఉన్నవానికంటె ఇవియే ఎక్కువగా దొరకును. మూడవది గ్రుడ్లు, వాని పెంకులు. నాలుగవది నిద్రలో దొర్లినప్పుడు చిదికిన నల్లుల రక్తపు మరకలు; అయితే గీరుకొన్న చర్మమునుండి కూడ మరక పడును గనుక ఈ సాక్ష్యము బలహీనము. ఇవి గాక వాసన యొకటి ఉన్నది. నల్లులు మిక్కుటమైన గదిలో ఒక విధమైన తీపి కమరు వాసన వచ్చును. ధనియాలకు ఆంగ్లేయులు పెట్టుకొన్న పేరు గ్రీకుభాషలో నల్లికి గల పేరునుండి వచ్చినదని అందురు. పచ్చి కొత్తిమీరను నలిపి వాసన చూచినవారికి ఆ పోలిక కొంత తెలియును. కాని వాసన తెలియునంత వరకు ఆగినవారు చాల ఆలస్యము చేసినవారే.

వెదకుటకు కావలసిన సాధనములు స్వల్పము: ఒక టార్చి (ఇప్పుడు ప్రతి విద్యార్థి చేతిఫోనులోను ఆ దీపమున్నది), పారవేయదగిన గట్టి అట్టముక్క ఒకటి, తెల్లని కాగితము, అంటుకొను పారదర్శకపు టేపు. దీపమును ఎదురుగా గాక ఏటవాలుగా పట్టవలెను. అప్పుడు కుబుసపు నీడ పడి కంటికి ఆనును. అట్టముక్కను సందులో దూర్చి నెమ్మదిగా లాగినచో దాగియున్నవి కదలి బయటికి వచ్చును, లేదా వాని మలము అట్ట అంచునకు అంటును. దొరికినదానిని టేపుకు అంటించి కాగితముపై దాచి, ఏ మంచమున, ఏ స్థానమున దొరికెనో వ్రాయవలెను.

ఎక్కడ వెదకవలెననుటలో మంచపు జాతిని బట్టి భేదము కలదు. బూరుగుదూది పరుపైనచో అంచుకుట్టు వెంబడి నాలుగు వైపులను, దూది కదలకుండ వేసిన కుట్లు పరుపును లోనికి లాగిన గుంటలలోను, తలవైపు అడుగుభాగమునను చూడవలెను. దిండుగలీబు లోపలి మూలలు మరువరాదు. బొంత అయినచో పొరలు ఎక్కువ గనుక అంచులను విప్పిచూచుట మేలు. అయితే బొంతను వారమునకొకసారి ఉతికి మరుగునీట ఉడికించు ఇల్లాలి యింట అందులో నల్లి నిలుచుట అరుదు. నులకమంచము నల్లికి కోటవంటిది. నులక పట్టెను చుట్టు ప్రతి చుట్టులోను ఒక్కొక్క గది ఉన్నట్లే. అంతకంటె ముఖ్యము, కోడులో పట్టె దూరు తొలి. ఆ తొలి ఎంత బిగువుగా నున్నను ఎండకు చెక్క ఆరి సందు ఏర్పడును. పూర్వము మన పల్లెలలో మంచమును ఎండలో నిలిపి, ఎత్తి నేలకు కొట్టుటయు, తొలులలో మరుగునీరు పోయుటయు వాడుకగా నుండెను. నల్లి ఎక్కడ ఉండునో వారికి ఎవరును చెప్పనక్కరలేదు. నవారు మంచమున నవారు మడతపడు చోటు చూడవలెను. వసతిగృహపు ఇనుపమంచము నున్నగా ఉన్నది గదా, నల్లి ఉండదనుకొందురు. గొట్టపు కొనలకున్న రబ్బరు తొడుగులు ఊడిపోయినచోట గొట్టమే ఇల్లగును. మరచీలల చుట్టు, పలకచెక్క ఇనుపచట్రముపై ఆను గీత వెంబడి చూడవలెను.

మంచము చాలించిన తరువాత దానికి రెండు గజములలోపు ఉన్న వస్తువులు. గోడకు తగిలించిన క్యాలెండరు వెనుక, మేకు దిగిన రంధ్రము, విద్యుత్తు మీటల పెట్టె అంచు, ఇనుపపెట్టె కీలు, దోమతెర మూలల ముడులు, కడపట పుస్తకముల అట్టవీపు. నిఘంటువు వీపులో నల్లి కాపురముండుట మేము స్వయముగా చూచితిమి. ఆ పుస్తకమును అంతకుముందు చాలకాలముగా ఎవరును తెరవలేదని దానివలన తెలిసినది.

ఇట్లు వెదకినను, నల్లులు కొద్దిగా ఉన్నప్పుడు కంటికి దొరకకపోవుటయే ఎక్కువ. అప్పుడు వానినే మనయొద్దకు రప్పించుకొనవలెను. ఇచ్చట వెనుకటి కథకు వచ్చెదము. ఆ వసతిగృహమున వంటచేయు పెద్దావిడ ఒకామె, బొంత కాల్చిన సంగతి విని మమ్ము మందలించి, "మంచపు కోళ్లకింద నీళ్లగిన్నెలు పెట్టి చూడండి నాయనా, యాడినుంచి వస్తాయో అవే చెప్తాయి" అనెను. పండ్రెండు మంచములకు నలుబదియెనిమిది గిన్నెలు దొరకునా? కొబ్బరిచిప్పలు, డబ్బామూతలు, పగిలిన సాసర్లు పోగుచేసి పెట్టితిమి. మూడవనాటి ఉదయమున చూడగా పలమనేరు పిల్లవాని మంచము క్రింద ఒక్క నల్లియు లేదు. గోడప్రక్కనున్న ఒక మంచము క్రింద ఏడు పడియున్నవి. ఆ మంచమును తిరుగవేసి గొట్టములోనికి దీపము పట్టినప్పుడు లోపల కనబడినది ఇచ్చట వర్ణింపదగినది కాదు. ఆ మంచము మాది. మాకు దద్దురులు లేచెడివి కావు గనుక మేము అనుమానింపబడలేదు. ఆ పిల్లవానికి ఆ సంగతి చెప్పితిమి. వాడు ఏమియు అనలేదు. మేము చందా వేసి కొనియిచ్చిన దుప్పటిని తీసికొనెను గాని, దసరా సెలవులకు పోయి మరల రాలేదు.

నీళ్లగిన్నె పాతకాలపు చాదస్తము కాదు. ఈ శతాబ్దమున అమెరికాలో అనేక కుటుంబములు కాపురముండు గృహసముదాయములందు చేసిన పరిశీలనలలో, మంచపు కోళ్ల క్రింద పెట్టిన ఉచ్చుగిన్నెలు నిపుణుల కంటికి దొరకని నల్లులను పట్టియిచ్చినవి. ఆ దేశపు గిన్నె రెండు అరలుగా ఉండును. కోడు నడిమి అరలో నిలుచును, దాని చుట్టు ఒక కందకము ఉండును. గదినుండి మంచమునకు వచ్చు నల్లి వెలుపలి కందకమున పడును. మంచమునుండి దిగు నల్లి లోపలి అరలో పడును. ఎందులో పడెనో చూచి నల్లుల నివాసము మంచముననో గదిలోనో చెప్పవచ్చును. పెద్దగిన్నెలో చిన్నగిన్నె పెట్టి ఎవరైనను ఇట్టిది చేసికొనవచ్చును.

అయితే ఒక చిక్కు ఉన్నది. ఆ ఉచ్చులన్నియు చల్లని దేశపు జాతిని దృష్టిలో పెట్టుకొని చేసినవి. అది నున్నని ప్లాస్టికు గోడను ఎక్కలేదు. మన జాతి ఎక్కగలదు. మలేషియాలో పనిచేయు శాస్త్రజ్ఞులు 2017లో ఈ రెండు జాతులను సరిపోల్చి, ఉష్ణదేశపు నల్లి కాలిపై అంటుకొను సన్నని వెండ్రుకలు ఎక్కువగా ఉన్నవనియు, అందువలన అది నున్నని తలములను మేలుగా ఎక్కుననియు ప్రకటించిరి. వట్టిగిన్నె పెట్టి, అందులో ఏమియు లేదు గనుక నల్లులు లేవని మనము సంతోషించుట తగదన్నమాట. గిన్నె లోపలి గోడకు ముఖమునకు పూయు టాల్కం పొడిని పలుచగా రాచినచో కాలు జారును. లేదా మన పెద్దావిడ చెప్పినట్లు నీరు పోయవలెను. వట్టినీటిపై తేలి ఒడ్డు చేరునవి ఉండును గనుక రెండు చుక్కల సబ్బునీరు కలుపవలెను. పూర్వము కిరసనాయిలు పోసెడివారు. వసతిగృహమున నిప్పు భయము చేత అది వలదు. నీరు పోసినప్పుడు మూడు దినములకొకసారి పారబోసి గిన్నె తోముట తప్పనిసరి. నిలువనీట డెంగీ దోమ పెరుగును. నల్లిని పట్టబోయి డెంగీని పెంచుట మనకు వలదు.

గిన్నెలు పనిచేయుటకు మంచము ద్వీపమువలె ఉండవలెను. గోడకు నాలుగు అంగుళములు ఎడముగా జరపి, దుప్పటి చెరగులు నేలకు తగులకుండ మడచి, దోమతెరను పరుపు క్రిందికి దోపవలెను. ఒక్క దుప్పటికొన నేలను తాకినను అదియే వంతెనయగును. ఇంకొకటి, ఆ మంచముపై మనిషి పండుకొనియే ఉండవలెను. నల్లి మన ఊపిరిని, ఒంటివేడిని పట్టి వచ్చును. భయపడి ప్రక్కగదికి పోయి పండుకొనువాడు ఉచ్చును వట్టిది చేయుటయే గాక, తన సామానుతో నల్లులను ఆ గదికి తీసికొనిపోవును.

పడకక్రింద ఆకులు పరచుట కూడ ఒక పాత ఉపాయము. ఐరోపాలోని బాల్కను దేశములలో చిక్కుడుజాతి మొక్కయగు రాజ్మా ఆకులను రాత్రి నేలపై పరచి, ఉదయమున చిక్కిన నల్లులతో సహా కాల్చెడివారు. ఆకుపైనుండు కొక్కెములవంటి నూగు నల్లి కాలిని గుచ్చి పట్టుకొనునని 2013లో అమెరికా శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శినితో చూపిరి. కెనడాలోని సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయపు వారు 2015లో నల్లులను ఒకచోట గుమికూడునట్లు చేయు రసాయనములను కనుగొనిరి. అందులో ముఖ్యమైనది హిస్టమిన్. ఆ పరిశోధన కొరకు రెజీన్ గ్రీస్ అను శాస్త్రజ్ఞురాలు తన చేతిపైననే నల్లులను పోషించి 1,80,000కు పైగా కాట్లు సహించిరట! శిక్షణ పొందిన కుక్కలచే వాసన పట్టించుటయు విదేశములందు ఉన్నది. ప్రయోగశాలలో అవి మెప్పు పొందినను, నిజమైన ఇండ్లలో 2014 నాటి ఒక పరీక్షలో సగటున నూటికి 44 మాత్రమే కనుగొనినవి. నల్లులు లేని గదులలో నూటికి 15 చోట్ల ఉన్నవనియు సూచించినవి. మన సబ్బునీటి గిన్నె అట్టి అబద్ధము ఆడదు.

నల్లి వలన జబ్బులు వచ్చునా అని విద్యార్థులు తరచుగా అడుగుదురు. దీనికి మన ప్రాంతపు చరిత్రలోనే ఒక ముచ్చట ఉన్నది. చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యపట్టణముగా మద్రాసు రాజధానిలో ఉన్న రోజులవి. 1903లో మద్రాసున డోనోవన్ అను వైద్యుడు కాలా అజార్ జ్వరపు పరాన్నజీవిని కనుగొనెను. దానిని మనిషినుండి మనిషికి చేర్చునది ఏది? మద్రాసుననే పనిచేసిన పాటన్, 1907లో, ఆ పరాన్నజీవి నల్లి కడుపులో మార్పు చెందుచున్నదని వ్రాసెను. ఆయన పరీక్షించినది మన హెమిప్టెరస్ జాతినే. అప్పుడు దానికి రొటుండేటస్ అను పేరు వాడుకలో ఉండెను. అనేక సంవత్సరములు నల్లిపై ఆ నేరము నిలిచినది. తుదకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ అనువారు ఆ జ్వరమును చేర్చునది ఇసుకదోమ అని నిరూపించిరి. నల్లి నిర్దోషిగా తేలినది! ఇప్పటికిని నల్లి కాటు వలన మానవులలో ఏ అంటువ్యాధియు వ్యాపించుచున్నట్లు నిరూపణ లేదు. కాని నిద్ర చెడును, గీరిన పుండ్లు చీము పట్టును, మరీ విస్తారముగా ఉన్నచోట పసివారికి రక్తహీనత కలుగవచ్చును. పరీక్షల నెలలో నిద్ర చెడినవానికి ఆ నిర్దోషిత్వము వలన కలుగు ఊరట స్వల్పమే.

నల్లి ఉన్నదని రూఢియైన తరువాత చాలమంది చేయు మొదటి పని మందు కొట్టుట. డి.డి.టి. కీటకనాశక శక్తిని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి వచ్చినది. అంతకు ఒక సంవత్సరము ముందే, 1947లో, హవాయి దీవులలోని పెర్ల్ హార్బరున డి.డి.టి.కి చావని నల్లులు కనబడినవి. మన దేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ పథకము క్రింద ఇండ్లగోడలకు ఆ మందు చల్లిరి. మొదట నల్లులు చచ్చినవి. తరువాత మందు ఘాటునకు సందులనుండి బయటికి వచ్చి తిరుగసాగినవేగాని చావలేదు. నేడు బజారున దొరకు చల్లుమందులలో అనేకములకు మూలమైన పైరిత్రాయిడ్లకును మన జాతి నల్లి తట్టుకొనుచున్నదని శ్రీలంక, మలేషియా దేశములందు చేసిన పరీక్షలు తెల్పుచున్నవి.

పొలమునకు కొట్టు మందును పరుపుపై చల్లుట, ధాన్యపు కొట్లలో వాడు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలను గదిలో పెట్టుట ఎన్నటికిని చేయరాదు. ఆ బిళ్ల విడుచు విషవాయువు తలుపుసందుల గుండ ప్రక్కగదికి పోయి నిద్రలోనున్నవారి ప్రాణము తీయును. మన దేశమున ఇట్టి మరణములు ఒకటి రెండు కావు.

వేడిని మించిన మందు లేదు. 50 సెల్సియస్ డిగ్రీల వేడి అంతటను సమముగా చేరినచో పెద్దవి, పిల్లలు, గ్రుడ్లు అన్నియు చచ్చును. దుప్పట్లు, గలీబులు, బొంతలు మరుగునీట ఉడికించినచో చాలును. ఇది మన చాకిరేవులకు తెలిసిన పనియే. ఇనుపమంచపు గొట్టములలో, కోడు తొలులలో మరుగునీరు పోయవచ్చును. పరుపును ఎండవేయుట మాత్రము నమ్మదగినది కాదు. తిరుపతి మే నెల ఎండలో పరుపు పైభాగము చేయి పెట్టలేనంత కాగినను, నడిమి దూది చల్లగానే ఉండును. నల్లులు నీడవైపునకు జరుగును. పలుచని వస్తువులకే ఎండ పనికివచ్చును.

ఇట్లు శుద్ధిచేసిన పిదప గిన్నెలు తీసివేయరాదు. చంపుటలో తప్పించుకొన్న గ్రుడ్లు పది దినములలోపు పగులును గనుక రెండవ వారపు లెక్క ముఖ్యము. ఆ పిల్లలు ఆకలికి బయలుదేరి గిన్నెలో పడును. వారమునకొకసారి తేది, మంచపు సంఖ్య, గిన్నెలో పడినవాని సంఖ్య ఒక నోటుపుస్తకమున వ్రాయుచు, వరుసగా ఎనిమిది వారములు సున్న వచ్చిన తరువాత గాని పోయినవని చెప్పరాదు. సంఖ్య తగ్గుచున్నచో మార్గము సరియైనది. ఒక మంచమున తగ్గి ప్రక్కమంచమున పెరిగినచో నల్లులు చావలేదు, ఇల్లు మారినవి.

తిరుపతి యాత్రాస్థలము. నిత్యము వేలమంది దేశపు నలుమూలలనుండి రైళ్లలో, బస్సులలో సంచులతో వచ్చి, ఏదో ఒక గదిలో ఒక రాత్రి తలదాచుకొని పోవుదురు. ఇట్టి ఊరిలో నల్లి రాకుండ ఆపుట ఎవరి తరమును కాదు. వచ్చినదానిని మొదటి వారముననే పట్టుట మాత్రము సాధ్యము. 2023 శరత్కాలమున పారిస్ నగరమంతయు నల్లుల భయముతో అల్లాడినది; అచ్చటి రైళ్లలో, చిత్రశాలలలో నల్లులు ఉన్నవన్న వార్తలు ప్రపంచమంతట ప్రాకినవి. వెదకిన అనేక చోట్ల దొరకలేదు కూడ. నల్లి పేదవాని బొంతను ఏరుకొని రాదు. మురికితో దానికి పని లేదు. రక్తము, సందు ఉన్నచో ధనికుని పరుపైనను దానికి ఒకటియే.

కళాశాల కార్యవర్గమువారికి మా విన్నపము స్వల్పమైనది. గదికి ఒక నోటుపుస్తకము, మంచమునకు నాలుగు జతల గిన్నెలు, ముదురురంగు పూలదుప్పట్లకు బదులు తెల్లనివి ఇప్పింపవలెను. తెలుపుపై నల్లచుక్క దాగదు. నల్లి కనబడినదని వచ్చి చెప్పిన విద్యార్థి పేరు ప్రకటనపలకపై వ్రాయరాదు, వాని మంచమును ఇతరుల మంచములనుండి వేరుచేయరాదు. అట్లు చేసినచో రెండవవాడు వచ్చి చెప్పడు. గిన్నెల లెక్క చూడనిదే ఎవరి పడకను గాని బయట పారవేయుట, కాల్చుట చేయరాదని ఒక నియమము వ్రాసి వార్డెనుగారి గదిలో తగిలించినచో మేలు. సెలవుల తరువాత వసతిగృహము తెరచిన దినముననే గిన్నెలు పెట్టి, మొదటి పదునైదు దినములు అన్ని మంచములకును, అనగా వార్డెనుగారి మంచమునకు సైతము, లెక్క తీయవలెను.